లిందోస్ కొండ మీద నన్ను నేను వెతుక్కున్న వైనం

ఆ కుర్చీల్లోంచి ఎవరూ లేవకండి. కుర్చీల సంగతి చివర్లో చెప్తాను. ముందు నా గ్లాసులో కాస్త సిపురో సారా పోయండి, గొంతు తడారిపోతోంది. ఓడ ప్రయాణంలో నాకేదో అయిందని మన వోలోస్ ఊరంతా చెవులు కొరుక్కుంటోందట. ఒకడేమో నేను కొండ మీంచి సముద్రంలో పడ్డానంటాడు. ఇంకొకడు పోలీసు కుక్క కరిచిందంటాడు. అదంతా ఉత్తిదే. కుక్క వచ్చేలోపే నేను దొరికాను. అదెలాగో చెప్తా వినండి.

నా భయాలు మీకు తెలియనివా? కొట్టు నడిపిన రోజుల్లో తాళం వేసి, వేశానో లేదోనని రోడ్డు చివరి నుంచి వెనక్కొచ్చి లాగి చూసేవాణ్ణి. అలా లాగి లాగి ఓసారి తాళమే ఊడి చేతికొచ్చింది. అలాంటివాడికి ఫనూరిస్ అని పేరు పెట్టారు మావాళ్ళు. అంటే ఏటా ఆగస్టు ఇరవయ్యేడున, పునీత ఫనూరియోస్ రోజున, ఆయన పేరు పెట్టుకున్నందుకు నాకు పేరు పండగ. పుట్టినరోజైతే మనం చెప్తే తప్ప ఎవడికీ తెలీదు. పేరు పండగ కేలండర్లోనే ఉంటుందాయె! ఎవర్నీ పిలవక్కర్లేదు, తలుపు తీసి పెట్టుకుని కూర్చోవడమే. ఎంతమందొస్తారో, ఎంత తింటారో ఆ పునీత ఫనూరియోస్‌కి కూడా తెలీదు.

పోయినేడు ఏమైందో మీరూ ఉన్నారు, చూశారు. మా ఆవిడ ఆసిమీనా రెండ్రోజులు నడుం వంచి టొమాటోల్లో బియ్యం కూరి పళ్ళేలకి పళ్ళేలు చేసింది. ఎక్కడ అయిపోతాయోనని భయమేసి, అవసరానికి పనికొస్తుందని, ఒక పెద్ద పళ్ళెం నేను కొట్టు గదిలో దాచాను. దాచిన సంగతి కంగారులో మర్చిపోయాను. సరిగ్గా మా పెళ్ళిలో కిరీటాలు మార్చిన కుంబారో థ్రాసోస్ వంతు వచ్చేసరికి పళ్ళెంలో టొమాటోల పక్కన వేసిన ఒక్క బంగాళాదుంప మిగిలింది. కుంబారో అంటే తోడబుట్టినవాడికంటే ఎక్కువాయె! పైగా వాణ్ణి ఊరంతా ఊరికే మైకు థ్రాసోస్ అనదు. "ఫనూరిస్ ఇంట్లో పండగ భోజనం చేసి, దారిలో పుల్లకి గుచ్చిన సువ్లాకి కొనుక్కుని తిన్నాను" అని ఈ రేవు మొత్తం చాటేశాడు.

దాచిన పళ్ళెం తర్వాత దొరికింది. వాసనే పిలిచింది. కానీ మాట పడ్డది నేను కాదు, ఆసిమీనా. బజార్లో ఆవిణ్ణి చూస్తే చాలు, "ఏమ్మా, ఈ ఏడైనా మాకు టొమాటో దక్కుతుందా?" అనడం మొదలెట్టారు.

జూలై రాగానే నాకు నిద్ర పట్టడం మానేసింది. మళ్ళీ తక్కువైతే? ఈసారి ఊరొదిలి పోవాల్సిందే. అప్పుడే నా బుర్రకి ఓడ తట్టింది. నడిసముద్రంలో ఉన్నవాడి ఇంటికి ఎవడొస్తాడు?

"ఆసిమీనా, ఈ ఏడు మనం ఓడ ఎక్కుతున్నాం" అన్నాను.

ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి ఆగింది. "ఎప్పుడు?"

"ఆగస్టు చివర్లో."

"చివర్లో అంటే?"

"చివర్లో అంటే... అదే... ఇరవయ్యేడు మధ్యలో వచ్చేలా."

"నీ పండక్కి నువ్వే పారిపోతున్నావా ఫనూరీ?"

"పారిపోవడం ఏంటి! విహారం! పెళ్ళయిన దగ్గర్నుంచి ఎక్కడికీ తీసుకెళ్ళలేదని సాధించేది నువ్వేగా?"

"పెళ్ళయిన దగ్గర్నుంచి ఆగినదాన్ని, ఇంకో వారం ఆగలేకపోయానా? పోయిన పరువు ఈ పండక్కి తెచ్చుకుందామనుకున్నాను. తృప్తిగా తిని లేచేలా పెడదామనుకున్నాను. అదీ లేకుండా చేశావు" అంది. ఆ తర్వాత ఉల్లిపాయల వైపు తిరిగిపోయింది.

అరుస్తుందనుకున్నాను, అరవలేదు. ఆసిమీనా అరిస్తే నాకు భయం లేదు, అరవకపోతేనే భయం. కానీ టిక్కెట్లు అప్పటికే కొనేశాను.

బయల్దేరిన రోజు ఆవిడ పెద్ద పెట్టె ఒకటి నా చేతికిచ్చింది. ఎత్తబోతే భుజం కలుక్కుమంది.

"ఇందులో ఏముందే? నా కొట్లో మిగిలిపోయిన బోల్టులా?"

"బట్టలు."

"నాలుగు రోజులకా?"

"ఆడవాళ్ళ బట్టలు" అంది. ఆ మాటకి ఎదురు చెప్పిన మగాడు ఇంతవరకు పుట్టలేదు. నోరు మూసుకుని మోశాను.

ఓడలో మా గది మా ఇంటి బీరువా కంటే కాస్త పెద్దది. గదంతా దాల్చినచెక్క వాసన. ఓడవాళ్ళ సబ్బు మంచిదే అనుకున్నాను. తలుపు గడియ వేసి, వేశానో లేదో చూసి, ఆసిమీనా చేతులు రెండూ పట్టుకున్నాను.

"ఈ ఓడ నిండా మనవాళ్ళే. నా పేరు పండగని ఒక్కడికి తెలిసినా, నూరేళ్ళంటూ మీద పడతారు. వీళ్ళందరికీ నేనేం పెట్టను? ఎవరికీ చెప్పనని ఒట్టెయ్."

"నా నోట్లోంచి నీ పేరు రాదు. సరేనా?" అంది. మరీ తేలిగ్గా ఒప్పుకుంది. అప్పుడే అనుమానించాల్సింది.

ఇరవయ్యేడు పొద్దున కళ్ళు తెరిచేసరికి గంటలు మోగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే ఓడ రోడోస్ రేవులో ఉంది. టిక్కెట్ల మీద తేదీలు చూశానే గానీ రేవుల పేర్లు చూడలేదు! పునీత ఫనూరియోస్ పటం మొదట బయటపడిందే ఈ దీవిలో! ఆయన పండగ రోజున ఆయన సొంతూరికే తెచ్చి దించాడు కెప్టెన్. పెనం మీంచి పొయ్యిలో పడ్డాను. ఫోను ఆపేసి దిండు కింద పెట్టాను.

"నేను ఓడలోనే పడుకుంటాను" అన్నాను.

"నేను లిందోస్ చూడాలి. విహారం అన్నావుగా? పద" అంది ఆసిమీనా.

బస్సుల దగ్గర గైడు మిర్సీనీ అనే చిన్నమ్మాయి, అందరి పేర్లూ చీటీల మీద రాసి చొక్కాలకి అంటిస్తోంది. నా దగ్గరకొచ్చింది.

"మీ పేరండీ?"

"లాంబ్రోస్" అన్నాను. పొద్దుట్నుంచీ ఆలోచించి పెట్టుకున్న పేరు. లాంబ్రోస్ పండగ ఈస్టర్‌కి. ఆగస్టులో వాణ్ణి ఎవడూ మిఠాయి అడగడు.

"మీరమ్మా?"

"లాంబ్రోస్ గారి భార్యని" అంది ఆసిమీనా, కనురెప్ప కూడా కదపకుండా.

బస్సులో నా ముందు లారిసా నుంచి వచ్చిన స్టమాతూలా మామ్మ కూర్చుంది. నల్లబట్టలు, చేతికర్ర, మెళ్ళో పునీత ఫనూరియోస్ బిళ్ళ. బస్సు కదలగానే లేచి నిలబడింది. "ఇవాళ ఫనూరియోస్ పండగర్రా! ఈ బస్సులో ఒక్క ఫనూరిస్ కూడా లేడూ? ఉంటే నోరు తీపి చేస్తాడు కదా!"

నేను సీట్లో జారి మోకాళ్ళతో సమానమయ్యాను. "పాపం, లేనట్టున్నాడు మామ్మా" అంది ఆసిమీనా.

లిందోస్ కొండెక్కాం. ఎక్కాం అంటే వాళ్ళు ఎక్కారు, నేను పాకాను. ఆ మెట్లు కట్టినవాళ్ళకి మోకాళ్ళు లేవని నా నమ్మకం. దారిలో బండరాయి మీద పాత ఓడ ఒకటి చెక్కి ఉంది. ఓడలో రావడం, మెట్లెక్కి ఆయాసపడడం అప్పటి నుంచీ ఉన్న రోగమేనన్నమాట.

పైకి చేరాక అందరూ ఆథీనా గుడి చూసి నోళ్ళు తెరిచారు. స్తంభాలు, ఆ వెనక ఆకాశం, ఆ కింద సముద్రం. అందమే, కాదనను. కానీ నా కళ్ళకి ఆ అంచే కనిపిస్తోంది. గాలేమో టోపీ ఊడబెరుకుతోంది. ఎవరైనా నావైపు చూస్తే చాలు, స్తంభం చాటుకి పోతున్నాను.

"లాంబ్రోస్, ఇటు రా, ఫొటో తీస్తాను. కాస్త నవ్వు" అంది ఆసిమీనా.

"అంత గట్టిగా పిలవకు."

"నీ పేరు కాదుగా, నీకెందుకు?" ఫొటో తీసి, స్తంభాల వైపు చూసింది. "చూశావా, ఎన్ని యుద్ధాలు, ఎన్ని భూకంపాలు! సగం పడిపోయినా మిగిలినవి నిలబడే ఉన్నాయి. ఒక్కటీ పారిపోలేదు."

నేను సీసా తీసి నీళ్ళు తాగాను.

అంతవరకు బాగానే గడిచింది. కొండ దిగి బస్సుల దగ్గరకొచ్చాక మొదలైంది అసలు గొడవ. మనవాళ్ళ సంగతి తెలుసుగా, ఏ బస్సులో నీడ ఉంటే ఆ బస్సెక్కుతారు. రెండు బస్సుల జనం కలిసిపోయి, మిర్సీనీ తలలు లెక్కపెట్టలేక, ఇక ఓడవాళ్ళిచ్చిన జాబితాలోంచి పేర్లు చదవడం మొదలెట్టింది.

"ఫనూరిస్ కరాబాత్సోస్!"

చెయ్యెత్తబోయి దించేశాను. నేనున్నానందామంటే ఛాతీ మీద లాంబ్రోస్ అని రాసి ఉంది.

"ఫనూరిస్ కరాబాత్సోస్ గారూ! ఉన్నారా?"

తలలు అటూ ఇటూ తిరిగాయి. తర్వాత అందరూ ఒక్కసారి మొదలెట్టారు. "ఫనూరిసా? ఈ బస్సులో ఫనూరిస్ ఉన్నాడా? పండగ రోజున తప్పిపోయాడా?"

మామ్మ శిలువ గుర్తు వేసుకుంది. "పోయిన వస్తువులు చూపించే పునీతుడి పేరు పెట్టుకున్నవాడే పోయాడే! నాయనా ఫనూరియోస్, తాళంచెవులు చూపించావు, కళ్ళజోడు చూపించావు, మేకని చూపించావు. ఈ అబ్బాయిని కూడా చూపించు. నీకు కేకు చేసి పంచుతాను!"

"అతనెవరో ఓడకి వెళ్ళిపోయి ఉంటాడు. మనం పోదాం" అన్నాను మెల్లగా.

మిర్సీనీ ఓడకి ఫోన్ చేసింది. రాలేదన్నారు.

"అలా ఎలా వదిలేస్తాం లాంబ్రోస్?" అంది ఆసిమీనా, బస్సంతటికీ వినపడేలా. "పాపం ఎవరి మొగుడో! ఇంటిదాని గుండె ఎంత కొట్టుకుంటోందో! నీకు మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా, లే. వెతుకుదాం."

మళ్ళీ ఎక్కాను. ఆ ఎండలో, ఆ మెట్లు, నన్ను వెతకడానికి నేను. మధ్యమధ్యలో "ఫనూరీ! ఫనూరీ!" అని కేకలు కూడా పెట్టాను, పెట్టకపోతే అనుమానం వస్తుందని. ఒక గాడిద పలికింది.

"లాంబ్రోస్, ఆ పాత నీళ్ళ తొట్టి కూడా చూడు. అందులో పడ్డాడేమో" అంది ఆసిమీనా కింద నుంచి.

"ఎందుకు పడతాడే!" అన్నాను పళ్ళ బిగువున.

"ఏమో! భయస్తుడేమో. భయస్తుడు ఎక్కడైనా దూరతాడు."

తొట్టిలోకి వంగాను. కళ్ళజోడు పడిపోయింది. దాన్ని అందుకోబోతే నేనూ పడబోయాను. ఒక మీసాలాయన నన్ను నడుం పట్టుకుని లాగాడు. "జాగ్రత్త లాంబ్రోస్! ఆ వెధవ కోసం నువ్వెందుకు ప్రాణం మీదికి తెచ్చుకుంటావ్?"

నాకు చాలా బాధేసింది. ఆ వెధవ నేనే మరి!

అప్పటికి కాపలావాళ్ళు గేట్లు వేసే వేళయింది. అక్కడ రోడోస్ రేవులో ఓడ మా కోసం ఎక్కువసేపు ఆగదని మిర్సీనీకి ఫోను మీద ఫోను. ఆ పిల్ల ఒక రాతి మీద కూలబడి ఏడుస్తోంది. "ఉద్యోగంలో చేరి వారం కాలేదు. మనిషిని పోగొట్టానంటే మా అమ్మకి మొహం ఎలా చూపించను?" అంది. ఆ పక్కనే స్టమాతూలా మామ్మ. చేతికర్రతో ఆ మెట్లన్నీ రెండోసారి ఎక్కి, వేడి బండ మీద మోకరిల్లి నా కోసం ప్రార్థిస్తోంది. ముక్కూ మొహం తెలియని నా కోసం! సిగ్గుతో చచ్చిపోయాను.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అదే సమయానికి మీసాలాయన వచ్చాడు. "ఇక భయం లేదు! పోలీసు కుక్కని తెస్తున్నారు. ఓడలోంచి ఫనూరిస్ చొక్కా ఒకటి తెప్పించి వాసన చూపిస్తారట. వాడు ఏ రాయి కింద ఉన్నా పట్టేస్తుంది!"

నా చొక్కా నేనే వాసన చూసుకున్నాను. ఆ కుక్క చొక్కా వాసన చూసి, ఇంతమందిలో సూటిగా వచ్చి నా గొంతు మీదకి దూకడం కళ్ళకి కట్టింది. బుర్ర పనిచేయడం మానేసింది. పనిచేయనప్పుడే నాకు ఉపాయాలు తడతాయి.

గుడి వెనక స్తంభం చాటుకి పోయాను. ఛాతీ మీద చీటీ పీకేశాను. టోపీ జేబులో కుక్కాను. చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. జుట్టు చెదరగొట్టుకుని, కళ్ళు నులుముకుంటూ రెండో వైపు నుంచి బయటికొచ్చాను.

"ఎందుకండీ ఈ గోల? ఫనూరిస్ అంటే నేనే. నీడలో కాస్త కునుకు పట్టింది."

ఎంత కేరింతలు కొట్టారో! మిర్సీనీ నన్ను పట్టుకుని ఏడ్చింది. మామ్మ నా రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. "నూరేళ్ళు నాయనా! నూరేళ్ళు!" అని అంతా వీపు చరిచారు. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను.

"అది సరే, మరి మా ఆయన లాంబ్రోస్ ఏడీ?" అంది ఆసిమీనా.

అందరూ ఆగిపోయారు.

నేను పక్కకెళ్ళి గుసగుసగా అన్నాను. "ఆసిమీనా, నేనేనే!"

"ఎవరండీ మీరు? పరాయి ఆడదాన్ని పేరు పెట్టి పిలుస్తున్నారేంటి?" అని రెండడుగులు వెనక్కేసింది. "మా ఆయన తెల్లటోపీ పెట్టుకున్నాడు. మీకు టోపీ లేదుగా? అయ్యో లాంబ్రోస్! ఎవరినో వెతకడానికి పోయి ఎటు పోయావయ్యా!"

"నేను చూశాను! ఇందాక ఆ అంచు వైపే పోతున్నాడు!" అన్నాడు మీసాలాయన, మొహం పాలిపోయి.

"నాయనా ఫనూరియోస్! ఇంకో కేకు!" అంది మామ్మ. ఏడుపు ఆపిన మిర్సీనీ మళ్ళీ అందుకుంది. కాపలావాడు కొండ అంచుకి పరిగెత్తి కిందికి తొంగి చూస్తున్నాడు. నూరేళ్ళన్న నోటితోనే ఒకావిడ నన్ను తిట్టింది కూడా. "నీ నిద్ర తగలెయ్య! బంగారంలాంటి లాంబ్రోస్‌ని మింగావు కదయ్యా!"

ఆసిమీనా పక్కన నిలబడి నాకు మాత్రమే వినపడేలా అడిగాను. "తల్లీ, నీకేం కావాలి?"

"నిజం. గట్టిగా. అందరికీ వినపడాలి."

ఏం చేస్తాను? గుడి మెట్టెక్కాను. జేబులోంచి టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాను. "లాంబ్రోస్ నేనే. ఫనూరిస్ కూడా నేనే" అన్నాను. "ఈవిడ నా పెళ్ళాం. నా పేరు పండక్కి వచ్చినవాళ్ళకి పెట్టింది చాలదేమోనని భయపడి పారిపోయి ఓడెక్కాను. పెట్టే చెయ్యి ఈవిడది, భయపడే గుండె నాది. క్షమించండి."

అందరూ నా టోపీ వైపే చూస్తున్నారు. కుక్క వస్తే బాగుండుననిపించింది.

మామ్మ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. కొడుతుందేమోనని కళ్ళు మూసుకున్నాను. "అంటే రెండు కేకులూ ఒక్కడి కోసమే మొక్కానా?" అని పకపకా నవ్వడం మొదలెట్టింది. ఆ తర్వాత కొండంతా నవ్వింది. మిర్సీనీ కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. బస్సులో మీసాలాయన నా భుజం మీద చెయ్యేశాడు. "సాయంత్రం నీ గదికొస్తున్నాం. ఊరికే వదుల్తామా?"

ఓడ ఎక్కేసరికి కెప్టెన్ మైకులో చెప్పేశాడు. "ఫనూరిస్ కరాబాత్సోస్ గారు దొరికారు. వారికి నూరేళ్ళు!" పరిగెత్తుకుంటూ గదిలో దూరి గడియ వేశాను. వెంటనే తలుపు మీద దబదబా. తొంగిచూస్తే వరండా పొడవునా జనం. ఇంట్లో అయితే అరవై మంది, ఇక్కడ ఓడంతా! గదిలో ఉన్నవి రెండు కుర్చీలు.

"ఆసిమీనా, నా పరువు పోయింది. మంచినీళ్ళు కూడా లేవు" అని మంచం మీద కూలబడ్డాను.

ఆవిడ ఆ పెద్ద పెట్టె లాగి మూత తెరిచింది. దాల్చినచెక్క వాసన గుప్పుమంది. చక్కగా మడతపెట్టిన బట్టల్లేవు, గుడ్డముక్కల్లేవు. అంచు దాకా ఫనూరియోస్ కేకులు. నారింజ రసం, అక్రోట్లు, ఎండుద్రాక్ష వేసి చేసినవి, ముక్కలుగా కోసి కాగితాల్లో చుట్టి పేర్చి ఉన్నాయి.

"ఇన్నా! ఎప్పుడు చేశావే?"

"నువ్వు టిక్కెట్లు, టిక్కెట్లని తిరిగినప్పుడు. ఓడలో ఎంతమంది పడతారో టిక్కెట్ల ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను. ఊళ్ళో పెట్టనివ్వకపోతే సముద్రం మీద పెడతాననుకున్నాను."

"ఏదైనా పోతేనే కదా ఈ కేకు చేస్తారు. మనకేం పోయింది?"

"నీ ధైర్యం పోయింది కదా! దొరుకుతుందేమోనని చేశాను" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇదిగో, ఇప్పుడు కూడా.

తలుపు తీశాం. ఒక్కొక్కరూ వచ్చి నూరేళ్ళని ముక్క తీసుకెళ్ళారు. మామ్మ రెండు తీసుకుంది, రెండు మొక్కులుగా! వంటవాళ్ళు, నావికులు, చివరికి కెప్టెన్ కూడా వచ్చాడు. ముక్క ముక్కకీ నా గుండె దడదడ. అయిపోతుందేమో, ఇక అయిపోతుందేమో. ఆఖరి మనిషి వెళ్ళాక పెట్టెలోకి చూశాను. ఇంకా ఒక వరుస మిగిలింది! అంత ఆనందం నా పెళ్ళిలో కూడా పడలేదు. ఒకటి తిందామని చెయ్యి పెట్టాను. ఆసిమీనా చెయ్యి మీద ఒక్కటిచ్చింది.

"ముట్టుకోకు. ముందు ఫొటో తీయాలి."

మిగిలిన వరుసని ఫొటో తీసి మైకు థ్రాసోస్‌కి పంపింది. కింద ఏం రాసిందో తెలుసా? "ఓడంతా తిన్నారు. ఇది మిగిలింది." కాసేపటికి జవాబొచ్చింది. "వదినా, మేమంతా మీ గుమ్మం ముందే ఉన్నాం. తలుపు ఎవరూ తీయరేం?"

ఆసిమీనా ఆ జవాబుకి జవాబు రాసింది. ఆదివారం రమ్మంది. అందర్నీ.

ఆ ఆదివారం ఇవాళే. అందుకే వచ్చాను. మా ఇంట్లో కుర్చీలు చాలవు. ఈ కాఫీ కొట్లో కుర్చీలన్నీ కావాలి. మీరు కూర్చున్నవి కూడా. ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చి, దాని మీదే కూర్చుని తినండి.

ఇంకో మాట, మనలో మన మాట. ఆకలి మీద రమ్మని ఆసిమీనా చెప్పమంది. కానీ మీరు ఎందుకైనా మంచిది, ఇక్కడే కాస్త ఏదైనా తినేసి...

ఏంటి? ఎందుకలా నవ్వుతున్నారు? పొద్దున్నే వచ్చి వెళ్ళిందా? తినేసి రమ్మని నేనంటాననీ, అంటే వినొద్దనీ చెప్పిందా? కొట్టు గది తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉందా!

సరే. కుర్చీలెత్తండి.